చీపురుపల్లి సరిహద్దు

నౌపడ,
ఆదివారం

మావకి,

ముందుగా నా రాతకి, తప్పులకి క్షమించు. నేను ఐదో తరగతితో బడి మానేశానని నీకు తెలుసు. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని చోట్ల రెండు అక్షరాలకీ పెట్టాను, నీకు కావలసింది ఉంచుకో. గీతల కాగితం మీదే మొదలుపెట్టినా నా వరస కిందికి జారిపోతోంది.

నీ ఫోను క్యాంపువాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేస్తారని వెళ్ళేటప్పుడు చెప్పావు కదా, అందుకే ఉత్తరం. పోస్టుమాన్ గంగులు బాబాయిని కవరు అడిగితే "ఏటమ్మా, కోర్టు కేసా?" అన్నాడు. మన వీధిలో మనిషికి మనిషి ఉత్తరం రాసి చాలా కాలమైందట.

కవరు మీద నీ పేరు నేను రాయలేదు, పక్కింటి షీబా అక్క రాసింది. కుట్టు మిషను ఆపి మరీ రాసి నవ్వింది. "మా సర్చిలో ఆడోళ్ళందరం మొగుడ్ని పేరెట్టే పిలుస్తాం. ఒక్కడూ సావలేదు కదే" అంది. వాళ్ళకి ఎలాగో గాని, మనకి కుదరదు. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే ఆయనకి ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పింది కదా. పూరీలో సామిని కూడా నేను పెద్ద కళ్ళ సామి అనే అంటాను గాని ఆ పేరు ఎత్తను.

చేగోడీలు, ఎండు నెత్తళ్ళ చేపలు పంపుతున్నాను. ఇక్కడ బాగానే ఉన్నాం. చింతపండు డబ్బా ఖాళీ అయింది, నేనే తింటున్నాను. అన్నం ఉడుకుతున్న వాసన పడటం లేదు. పొద్దున్నే లేవగానే పెరట్లోకి పరిగెడుతున్నాను. అత్త నన్ను బిందె ఎత్తనివ్వడం లేదు. నీకు ఒక మాట చెప్పాలి. మూడో నెల దాటేదాకా ఆ మాట కాగితం మీద పెట్టకూడదని, మొగుడి చెవిలో నోటితోనే చెప్పాలని అత్త అంది. నువ్వు ఒక్క పూట వచ్చి వెళ్ళు.

చదివి ఈ ఉత్తరం కాల్చెయ్యి. నా అక్షరాలు ఎవరైనా చూస్తే నాకు సిగ్గు.

రేఖ


ఇంగ్లీషు క్యాంపు,
చీపురుపల్లి దగ్గర

ఒసే రేఖా,

నీ ఉత్తరం కాల్చలేదు. కాల్చే అధికారం నాకు లేదు. ఎందుకో తెలియాలంటే నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి.

ఇక్కడి కొత్త యూనివర్సిటీలో ఎం.టెక్., ఎం.బి.ఏ. చదవడానికి మొజాంబిక్, కాంగో, వియత్నాం నుంచి పిల్లలు వచ్చారు. పిల్లలంటే గడ్డాలున్నవాళ్ళే. ఒకరికి పోర్చుగీసు వచ్చు, ఒకరికి ఫ్రెంచి వచ్చు, పాఠాలేమో ఇంగ్లీషులో. అందుకని మూడు నెలలపాటు పగలూ రాత్రీ ఇంగ్లీషు నేర్పించి తర్వాత క్లాసుల్లోకి పంపుతారు. నేర్పించేది గణపతిరావు మాస్టారు. భయపడితే తప్ప ఇంగ్లీషు రాదని ఆయన నమ్మకం. అందుకని క్యాంపు మొత్తాన్ని పరాయి దేశం చేశారు. లోపల ఉత్తుత్తి బ్యాంకు ఉంది, ఉత్తుత్తి ఆసుపత్రి ఉంది, అద్దెకి ఇల్లివ్వనని తిట్టే ఉత్తుత్తి ఓనరమ్మ ఉంది. గేటు దగ్గర అద్దాల గది ఉంది. అదే సరిహద్దు. అందులో నేను కోటు వేసుకుని కూర్చుంటాను. నన్ను ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ అంటారు. నేను ముద్ర వేస్తేనే ఎవరైనా ఆ దేశంలోకి వచ్చేది.

మన ఊళ్ళో ఉప్పు గొడౌను గేటు దగ్గర కాపలా ఉన్నప్పుడు నేను లారీని ఆపిన తీరు చూసి, ఈ కుర్చీకి నేనే తగినవాడినని మాస్టారు అప్పుడే అనుకున్నారట. నాకు ఇంగ్లీషులో పదకొండు ప్రశ్నలు నేర్పారు. ప్రశ్నలే. జవాబులు నేర్పలేదు. "ఆపీసర్‌కి జవాబులతో పనేటయ్యా?" అన్నారు. నిజమే. పిల్లలు చెప్పేది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. తల అడ్డంగా ఊపుతాను. వాళ్ళు ఇంకో రకంగా చెప్తారు. మళ్ళీ ఊపుతాను. చెమటలు పట్టాక ముద్ర వేస్తాను. నా కౌంటర్ దగ్గర పెరిగినంత ఇంగ్లీషు ఏ మాస్టారి దగ్గరా పెరగలేదట.

ఇక నీ పార్శిల్ సంగతి. బయటి సామాను ఏదొచ్చినా కస్టమ్స్‌లో తెరవాలి. కస్టమ్స్ అంటే మన ఉమాశంకర్, పలాసలో జీడిపప్పు బస్తాలు తూచేవాడు. నీ నెత్తళ్ళని బల్ల మీద పెట్టి ఒక పూట క్లాసు జరిగింది. ఇవి చేపలా, మందులా, విత్తనాలా అని ఇంగ్లీషులో వాదించుకున్నారు. చివరికి సాక్ష్యం మొత్తం తినేశారు. నీ ఉత్తరాన్ని కూడా తెరిచారు. ఉమాశంకర్ చదివి చెబుతుంటే డిక్షనరీలు పట్టుకుని అందరూ కలిసి ఇంగ్లీషులోకి మార్చి, కస్టమ్స్ ఫైల్లో పెట్టేశారు. చింతపండు దగ్గరకి వచ్చేసరికి ఆడపిల్లలు నవ్వుకున్నారు. సాయంత్రం అందరూ వరసగా వచ్చి నాకు చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పారు. ఆఫీసర్‌నైనందుకే అనుకుంటాను. మంచి పిల్లలు.

చింతపండుకి బెంగపడకు. వంట చేసే జీవరత్నం గారిని అడిగి రెండు కిలోలు పంపుతున్నాను. అన్నం వాసన పడకపోతే బియ్యం మార్చమని కొట్టువాడితో చెప్పు. అమ్మ బిందె ఎత్తనివ్వడం లేదంటే మంచిదే. నీ మీద ప్రేమ పెరిగింది.

నీ మావ


నౌపడ,
శుక్రవారం

మావకి,

చింతపండు అందింది. అత్త మూట విప్పి చూసి మళ్ళీ ముడి వేసేసింది. తర్వాత "ఈడికి పంపాల్సింది నెత్తళ్ళు కాదే, బుర్ర" అంది.

నా ఉత్తరం అంతమంది చదివారా? వియత్నాం వాళ్ళు కూడా చదివారా? రాసేటప్పుడు తలుపు గడియ పెట్టుకుని రాశాను, మావా. ఇప్పుడు బావి దగ్గరికి వెళ్ళాలన్నా ప్రపంచం మొత్తానికి నా సంగతి తెలుసు అనిపిస్తోంది. తెలియాల్సినవాడికి తప్ప.

అత్త చెప్పమన్నది చెప్పినట్టు రాస్తున్నాను: "ఒరే, మీ నాన్న కూడా ఇంతే. నువ్వు కడుపున పడ్డప్పుడు నాకు అజీర్ణమని మూడు వారాలు వాము నూరి పట్టాడు. నోర్మూసుకుని ఇంటికి రా."

ఇంతకంటే విప్పి రాయకూడదట. ఈ ఆదివారం వచ్చెయ్యి.

రేఖ


కౌంటర్ నంబర్ ఒకటి,
ఇంగ్లీషు క్యాంపు

శ్రీమతి రేఖ గారికి,

మీ ఉత్తరం అందింది. పరిశీలించడమైనది. రమ్మని కోరారు. కారణం "ఒక మాట" అని చూపించారు. ఆ మాట ఏదో స్పష్టంగా లేదు. మా అమ్మ గారి అజీర్ణం సంగతి పాతది కనుక దానిని కారణంగా తీసుకోవడం కుదరదు.

ఏమీ అనుకోకు, ఇలా రాయడం అలవాటైపోయింది.

రావాలని నాకూ ఉంది. కానీ దేశం దాటి బయటికి వెళ్ళాలన్నా ముద్ర ఉండాలి. ముద్ర వేసే ఆఫీసర్ ఒక్కడే, అది నేను. "నీకు నువ్వే ముద్దర ఏసుకుంటావేటి? ఏ దేశంలోనైనా ఉందేటి?" అని మాస్టారు అడిగారు. నాకు జవాబు తోచలేదు. జవాబులు నాకు నేర్పలేదు కదా.

పోయిన వారం గ్యాస్ బండ వచ్చింది. తెచ్చినవాడు వచ్చిన పనేమిటో ఇంగ్లీషులో చెప్పలేకపోయాడు. రూలు రూలే. బండని ఆపేశాను. రెండు పూటలు జీవరత్నం గారు కట్టెల మీద వండి, కన్నీళ్ళతో మాస్టారి మీదికి వెళ్ళారు. మాస్టారు ఆలోచించి సరిహద్దు గీతని వెనక్కి జరిపారు. ఇప్పుడు వంటగది పరాయి దేశంలో లేదు, మామూలు చీపురుపల్లిలో ఉంది. పిల్లలు ప్రతి పూటా ముద్ర వేయించుకుని దేశం దాటి వెళ్ళి భోంచేసి వస్తున్నారు. అక్కడ తెలుగు మాట్లాడొచ్చు కాబట్టి జీవరత్నం గారి దగ్గర తెలుగు కూడా పట్టేశారు. మొజాంబిక్ నుంచి వచ్చిన డొమింగోస్ పప్పులో ఉప్పు సరిపోలేదని ఆవిడతో పోట్లాడేదాకా వచ్చాడు. నాకు మాత్రం కంచాన్ని అద్దం కింద సందులోంచి తోస్తారు. పప్పు వస్తుంది గాని అప్పడం పట్టదు.

ముఖ్యమైన సంగతి. మాస్టారు రాయ్‌పూర్‌లో ఇంకా పెద్ద క్యాంపు పెడుతున్నారు. నన్ను చీఫ్ ఆఫీసర్‌గా తీసుకెళ్తారట. రెండేళ్ళు. భుజం మీద నక్షత్రం కూడా ఉంటుంది. వచ్చే శుక్రవారం సంతకం పెట్టాలి. పెడదామనే అనుకుంటున్నాను.

వియత్నాం అమ్మాయి లాన్ నాకు ఊలు టోపీ అల్లి ఇచ్చింది. గుప్పెడంత ఉంది. నా తలకి ఎక్కలేదు. పాపం, కొలత తప్పినట్టుంది. దుమ్ము పడకుండా ముద్ర మీద కప్పుతున్నాను.

ఇట్లు
ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్


నౌపడ,
బుధవారం

మావకి,

చెప్పకుండా వచ్చినందుకు కోపం తెచ్చుకోకు. చెబితే ఉత్తరంలోనే పదకొండు ప్రశ్నలు అడుగుతావని చెప్పలేదు. శుక్రవారం నువ్వు సంతకం పెట్టేలోపు ఆ మాట నీ చెవిన వెయ్యాలని వచ్చాను. అత్త స్టేషనుదాకా వచ్చి రైలెక్కించింది. ఒక్కదాన్నే రైల్లో వెళ్ళడం అదే మొదలు. చీపురుపల్లిలో దిగి ఆటో ఎక్కేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

నువ్వక్కడే ఉన్నావు, అంతా చూశావు. అయినా నాకు ఎలా కనిపించిందో నీకు తెలియాలని రాస్తున్నాను.

అద్దంలో కోటు వేసుకుని ఉన్న మనిషిని చూసి ఎవరో అనుకున్నాను. మీసం చూసి పోల్చుకున్నాను. నువ్వు నన్ను చూడగానే నీ చెవులు ఎర్రబడ్డాయి, అందుకని నువ్వూ పోల్చుకున్నావని నాకు తెలుసు. నువ్వు ఒకసారి పైన ఉన్న కెమెరా వైపు చూశావు. తర్వాత నాతో ఇంగ్లీషులో మాట్లాడావు.

నాకు ఏడుపు వచ్చింది. వెనక వరసలో భోజనం చేసి వస్తున్న పిల్లలున్నారు, పాల క్యానుతో ఒకాయన ఉన్నాడు. డొమింగోస్ ముందుకొచ్చి "భయపడకు అక్కా, నాను సెప్తాను" అన్నాడు. మావా, మనిద్దరిదీ ఒకే వీధి. నువ్వు నన్ను చిన్నప్పుడు ఈత చెట్టెక్కించి దించకుండా పారిపోయిన మనిషివి. మన మాటలు మనకి చెప్పడానికి మొజాంబిక్ నుంచి మనిషి రావలసి వచ్చింది.

"నీ పేరేటి అంతన్నాడు."

చెప్పాను.

"మీ ఆయన పేరు సెప్పమంతన్నాడు."

నేను తల దించుకున్నాను. "ఆయన ఎదురుగానే ఉన్నాడు కదా, ఆయన్నే సెప్పమను" అన్నాను.

"ఆపీసర్ సెప్పకూడదంట."

వెనక పిల్లలందరూ కలిసి నీ పేరు పెట్టి అరిచారు. కాంగో వాళ్ళ గొంతులో నీ పేరు బాగుంది. అప్పుడు పైనుంచి మైకులో మాస్టారు గొంతు వినిపించింది. అందించకూడదని తిట్టినట్టున్నారు, అందరూ నోళ్ళు మూసుకున్నారు.

తర్వాత నువ్వు ఇంకో ప్రశ్న వేశావు. డొమింగోస్ నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు, "ఎంతమంది పెయానం సేస్తన్నారు అంతన్నాడు అక్కా."

నేను రెండు వేళ్ళు చూపించాను.

నువ్వు లేచి నిలబడి నా వెనక చూశావు. కౌంటర్ మీదికి వంగి నా కాళ్ళ దగ్గర చూశావు. సంచి పైకెత్తమని సంచిలో చూశావు. అన్నీ చూశావు, మావా.

"రెండోవోరు ఏరీ అంతన్నాడు" అన్నాడు డొమింగోస్. "నాను సెప్పగలను గానీ సెప్పను. ఇది నువ్వే సెప్పాల. మా ఊర్లోనూ ఇంతే."

వరసంతా మెడలు చాచి చూస్తోంది. పాలాయన క్యాను కింద పెట్టేశాడు. అంతమందిలో నాకు మాట ఎక్కడ వస్తుంది? చెంగు నెత్తిమీదికి లాక్కుని, చెంగు చాటున పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. నువ్వు కాసేపు చూశావు. తల అడ్డంగా ఊపావు. ముద్ర మీదనుంచి ఆ చిన్న టోపీ తీసి పక్కన పెట్టి, గేటు దగ్గర నాకిచ్చిన చీటీ మీద ఎర్ర ముద్ర కొట్టావు. లెక్క తప్పు చెప్పినందుకు ప్రవేశం లేదట.

సాయంత్రం పాసింజరుకి ఇంటికి వచ్చేశాను. అత్త ఏమైందని అడిగితే చీటీ చూపించాను. ఆవిడ చీపురు ఎక్కడుందో వెతుకుతోంది. రాయ్‌పూర్ వెళ్తావో మానతావో నీ ఇష్టం. నేను చెప్పగలిగింది చెప్పేశాను.

రేఖ


ముందు బెంచీ,
ఇంగ్లీషు క్యాంపు

ఒసే రేఖా,

నన్ను ఏమన్నా పడతాను. ముందు ఇది చదువు.

నువ్వు వెళ్ళాక వరసలో తర్వాతివాడు వచ్చాడు. ఎంతమంది అని అడిగాను. రెండు వేళ్ళు చూపించి పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాంగో వాడు, ఆరడుగుల మనిషి, గుండెలదాకా గడ్డం. ఎర్ర ముద్ర వేశాను. తర్వాత లాన్ వచ్చింది. అదే రెండు వేళ్ళు, అదే పొట్ట. ఎర్ర ముద్ర. తర్వాతివాడూ అంతే. వరసలో అందరూ అంతే. చివర్లో పాలాయన వచ్చాడు. ఆయనా క్యాను చంకన పెట్టుకుని రెండు వేళ్ళు చూపించి, పొట్ట నిమురుకుని "ఒరే నాయనా, ఇంకా తెలీలేదేట్రా?" అన్నాడు.

అప్పుడు నా చూపు టోపీ మీద పడింది.

చింతపండు. బిందె. అన్నం వాసన. అందరూ నాకు చెయ్యి కలపడం. నీ వెనకే పరిగెడదామని అద్దం కింద సందులోంచి దూరబోయాను, తల పట్టలేదు. అప్పడం పట్టని సందులో తల ఎలా పడుతుంది? తలుపు తీసుకుని బయటికి వచ్చి గేటు దాటబోతుంటే మాస్టారు మైకులో ఆపారు. ముద్ర లేకుండా ఆఫీసరే దాటితే రేపు ఆ పిల్లలకి ఏ దేశం అన్నా భయం ఉండదన్నారు. నా కుర్చీలో డొమింగోస్‌ని కూర్చోబెట్టారు. వాడు నా కోటు వేసుకుని నా పదకొండు ప్రశ్నలూ నన్నే అడిగాడు. అన్ని ప్రశ్నలూ నాకు వచ్చు రేఖా. ఒక్కదానికీ జవాబు రాదు. డొమింగోస్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఊపాడు. "అన్నా, ఏటీ అనుకోకు. నువ్వే ఇలాగ నేర్పినావు" అన్నాడు.

రాయ్‌పూర్ రానని చెప్పేశాను. ఇలాంటి మొహం మళ్ళీ దొరకదని మాస్టారు బాధపడ్డారు. ఇప్పుడు నేను క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటున్నాను. "నా భార్య కడుపుతో ఉంది, నేను ఇంటికి వెళ్ళాలి" అన్న ముక్కని ఇంగ్లీషులో లాన్ నేర్పిస్తోంది. సగం వచ్చింది. ఇంటికి వెళ్ళాలి అనేదాకా వచ్చేసరికి తెలుగులోకి జారిపోతున్నాను. బిడ్డకి మాటలు వచ్చేలోపు నాకు ఇంగ్లీషు రావచ్చని లాన్ అంటోంది.

ఇంకో దారి ఉందని ఉమాశంకర్ రూల్సు వెతికి చెప్పాడు. వెళ్ళే చోటి నుంచి ఆహ్వానం ఉంటే ప్రశ్నలు అడగరట. ఆహ్వానం పిలిచే మనిషి స్వయంగా రాయాలి. వచ్చే మనిషి పేరు ఇంటిపేరుతో సహా ఉండాలి. షీబా అక్క రాస్తే చెల్లదు. నీ అక్షరాలు ఇక్కడ అందరికీ తెలుసు, జారిపోయే వరసతో సహా. ఒక పూటంతా చదివారు కదా.

నువ్వు రాయలేవని నాకు తెలుసు. నా ఆయుష్షు కోసమే రాయవని కూడా తెలుసు. రాయకపోతే నాకు కోపం లేదు. ఇక్కడే కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుని వస్తాను.

నీ మావ


నౌపడ,
సోమవారం

మావకి,

నా రాతకి మళ్ళీ క్షమించు.

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. పేరు రాయమన్న చోట ఆగిపోయాను. అత్త బియ్యం చేట పక్కన పెట్టింది. "పలికితే ఆయుష్షు తరుగుతాదని మా అత్త సెప్పింది. రాస్తే ఏటవుద్దో సెప్పకుండానే పోయింది ముసిల్ది" అంది. ఆ వెంటనే "రాసీ. ఆడు ఆ గాజు డబ్బాలోనే ఉండిపోతే ఆ ఆయుష్షు ఎవులికి కావాల?" అంది. అన్నాక లేచి దేవుడి ముందు దీపం పెట్టి, నేను రాసేదాకా దాని దగ్గరే నిలబడింది. షీబా అక్క కూడా మిషను ఆపి వచ్చి తన దేవుడికి ప్రార్థన చేసింది. ఇద్దరు దేవుళ్ళకీ చెప్పి రాస్తున్నాను.

ఆహ్వానం.

రావలసిన మనిషి: బమ్మిడి జగన్నాధం.
పిలుస్తున్నది: ఆయన భార్య.
వచ్చే పని: చెవిలో ఒక మాట వినడం. ఆ మాట ఇప్పటికే చాలా దేశాలకి తెలుసు, అయినా నేను చెప్తేనే లెక్క.
బస: ఆయన ఇల్లే.
ఎన్నాళ్ళు ఉంటాడు: ఇక ఎక్కడికీ వెళ్ళడు. ఉప్పు గొడౌను గేటు దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది. లారీలు అడిగేవాడు లేక ఇష్టమొచ్చినట్టు పోతున్నాయని ఓనరు రెండుసార్లు కబురు పంపాడు.
తిరుగు ప్రయాణంలో ఎంతమంది: వచ్చేది ఒక్కడు. ఇంట్లో దిగాక ఎంతమందో లెక్క చూసుకోమనండి.

ఇక్కడితో ఆహ్వానం అయిపోయింది. కింద రాసేది ఉమాశంకర్ అన్న చదవకూడదు.

మావా, ఆ టోపీ మర్చిపోకుండా తీసుకురా. దాన్ని ఇంక ముద్ర మీద పెట్టకు, సిరా అంటుకుంటుంది. డొమింగోస్‌ని, లాన్‌ని సెలవు దొరికినప్పుడు రమ్మను. నెత్తళ్ళు ఎండబెడుతున్నాను. అత్త చీపురు దాచేశాను గాని, ఎక్కడ దాచానో ఆవిడకి తెలిసిపోయిందని అనుమానం. జాగ్రత్తగా రా.

గేటు దాటగానే ఈ కాగితం వాళ్ళ దగ్గర తిరిగి తీసుకో. నీ పేరున్న ముక్క మెల్లగా చింపి చొక్కా జేబులో పెట్టుకో, దానికి నిప్పు సెగ తగలనివ్వకు. మిగతాదంతా ఎవరూ చూడకుండా కాల్చెయ్యి. ఈసారి నిజంగా కాల్చెయ్యి.

రేఖ